"నాకెందుకమ్మా" అనే నాన్నని ఆదివారం బయటికి తీసుకెళ్ళడం ఎలా?

ఒడిశా బరంపురంలో మా వీధివాళ్ళు, భువనేశ్వర్‌లో మా ఆఫీసువాళ్ళు, ఆఖరికి ఇచ్ఛాపురంలో పెళ్ళికెళ్తే పక్కన కూర్చున్నావిడ కూడా ఇదే అడిగింది. "మీ నాన్నగారు మీతో బయటికొస్తారట కదా, మా నాన్న గుమ్మం దాటరు, ఏం చేసి ఒప్పించావు?" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాస్తున్నాను. చోట్లు బరంపురం చుట్టుపక్కలవి, మీరు పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఉంటే చోట్లు మార్చుకోండి, పద్ధతి అదే.

మా నాన్నగారికి 72. గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. బీపీ, షుగరు, కుడి మోకాలు నొప్పి. నేను భువనేశ్వర్‌లో ఉంటాను, నెలకి రెండుసార్లు శనివారం రాత్రికి ఇంటికి చేరతాను. కాబట్టి చేతిలో ఉండేది ఒక్క ఆదివారమే, అది కూడా సాయంత్రం బండెక్కే దాకా.

1. ముందు ఆ "నాకెందుకమ్మా" వెనక ఏముందో కనుక్కోండి

ఈ పని చెయ్యకుండా కారు మాట్లాడేసి, హోటల్ చూసేసి, "పదండి నాన్నా" అంటే రారు. వచ్చినా మొహం ముడుచుకుని కూర్చుంటారు. నాకెందుకమ్మా అనే మాట వెనక దాదాపు ఎప్పుడూ ఒక చిన్న భయం ఉంటుంది, అది ఆయన నోటితో చెప్పరు. నేను చూసినవి ఇవి:

- దారిలో బాత్రూం దొరకదేమో (వయసైన మగవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. ప్రోస్టేట్ పెరిగినా, బీపీకి నీళ్ళ మాత్ర వేసుకుంటున్నా గంటకోసారి వెళ్ళాల్సి రావచ్చు)
- మెట్లుంటాయేమో, ఇసకలో నడవాలేమో
- పిల్లల డబ్బు దండగ
- తన నడక వల్ల అందరికీ ఆలస్యం
- ఇంటికి తాళం, మొక్కలకి నీళ్ళు, పాలవాడు

సూటిగా "ఎందుకు రారు?" అంటే "ఏం లేదు" అంటారు. అమ్మని అడగండి. మా ఇంట్లో నాకు రెండేళ్ళు అర్థం కాలేదు, ఒకరోజు వంటింట్లో అమ్మ చెప్పింది: "అల్లుడు బండి నడుపుతుంటే మాటిమాటికీ ఆపమని ఎలా అడుగుతారే?" అంతే సంగతి! గోపాల్‌పూర్ అంటే ఇష్టం లేక కాదు, సముద్రం అంటే విసుగూ కాదు, అల్లుడి దగ్గర మొహమాటం. ఆ తర్వాత నుంచి మా ఆయనే 40 నిమిషాలకోసారి పెట్రోల్ బంకు దగ్గర బండి ఆపి, "నేను కాళ్ళు చాచుకుని వస్తాను మామయ్యా, మీరూ దిగుతారా?" అంటారు. అడగాల్సిన అవసరమే లేకుండా పోయింది.

అమ్మ లేని ఇంట్లో ఆయన స్నేహితుణ్ణో, మీ బాబాయినో అడగండి. వాళ్ళ దగ్గర మాట్లాడినంత స్వేచ్ఛగా మన దగ్గర మాట్లాడరు.

2. అడిగే పద్ధతి

బుధవారమో గురువారమో అడగండి. శనివారం రాత్రి పదింటికి అడిగితే కాదనడానికి అన్ని కారణాలూ సిద్ధంగా ఉంటాయి.

"ఎక్కడికెళ్దాం నాన్నా?" అనకండి, జవాబు "ఎక్కడికీ వద్దు". రెండు చోట్లు చెప్పి ఒకటి ఎంచుకోమనండి: "రంభ వెళ్దామా, గోపాల్‌పూర్ వెళ్దామా?" ఇంకా మంచిది, ఆయనకి తెలిసిన విషయం అడగడం. నేను "రంభకి పొద్దున ప్యాసింజర్ ఏది బావుంటుంది?" అని అడిగాను. అరగంటలో ఆయనే ఫోన్ చేసి రానూ పోనూ రెండు బళ్ళూ చెప్పారు, మధ్యలో ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగుతుందో కూడా. అప్పటికే సగం బయల్దేరినట్టే.

డబ్బు గురించి అడిగితే "ఏం పర్లేదు లెండి" అని దాటెయ్యకండి. ఇంత అవుతుంది, ఇందులో టిఫిన్ ఇంటిదే అని లెక్క చెప్పండి. జీతంలో పైసాపైసా లెక్క చూసి మనల్ని చదివించిన మనుషులు వాళ్ళు, లెక్క వింటే స్థిమితపడతారు. ఒకమాట, టికెట్లో పడవ డబ్బులో ఏదో ఒకటి ఆయన్నే ఇవ్వనివ్వండి. చెయ్యి పట్టుకుని ఆపొద్దు.

3. చోటు ఎంచుకోవడం

మా లెక్క రెండే ముక్కలు. ఒకవైపు ప్రయాణం గంటన్నర దాటకూడదు. ఒక రోజుకి ఒకటే చోటు.

రెండోది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మొదటిసారి ఉత్సాహం కొద్దీ ఒకే రోజు తారాతారిణి, అటునుంచి రంభ, చివర్లో గోపాల్‌పూర్ అని పెట్టాను. మధ్యాహ్నం రోడ్డు పక్క ఒక హోటల్లో భోజనం రావడానికి గంట పట్టింది. ఆయన షుగరు మాత్ర పొద్దున వేసుకున్నారు, తిన్నది రెండు ఇడ్లీలు. చెమటలు పట్టి, చేతులు వణికి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుండిపోయారు. నేనేమో కోపం వచ్చిందేమో అనుకున్నాను! అది అలక కాదని పక్క టేబుల్ ఆయన గుర్తుపట్టి చక్కెర తెప్పించాడు. తప్పు హోటల్ది కొంత, నాది ఎక్కువ.

గోపాల్‌పూర్. బరంపురం నుంచి సుమారు 16 కిలోమీటర్లు, మొదటిసారికి ఇదే ఎంచుకోండి. నచ్చకపోతే గంటలోపు ఇంట్లో ఉంటారు. అందరూ సాయంత్రం వెళ్తారు, మీరు తెల్లారగట్ల వెళ్ళండి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్ళలోంచే వస్తాడు: జనవరిలో ఆరున్నర దగ్గర, జూన్‌లో ఐదుంబావు దగ్గర. వయసైనవాళ్ళు ఎలాగూ నాలుగున్నరకే లేచి కూర్చుంటారు, వాళ్ళ టైముకి మనం వెళ్తున్నామన్నమాట. మెత్తటి ఇసకలో మోకాళ్ళ మీద భారం ఎక్కువ, తడి ఇసక గట్టిగా ఉంటుంది, కాబట్టి నడిస్తే నీళ్ళ అంచు పక్కన నడవండి, లేదంటే పైన గట్టు మీద కూర్చోండి. అక్కడ సముద్రం లోపలికి లాగుతుంది. పాదాలు తడుపుకోవడం వరకే, పిల్లల్ని తాత చేతికి వదిలి మీరు ఫొటోలకి పోవద్దు.

రంభ. చిలికా సరస్సు దక్షిణపు ఒడ్డు, సుమారు 50 కిలోమీటర్లు, రైల్లోనూ వెళ్ళొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులుంటాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, డాల్ఫిన్లు చూపిస్తామని తీసుకెళ్ళడం. చిలికాలో ఇరావడి డాల్ఫిన్లకి వెళ్ళేది సాతపడా, అది పూరీ వైపు, మనకి ఒక పూటలో అయ్యే పని కాదు. రంభలో ఉండేవి నీళ్ళు, చిన్న దీవులు, పక్షులు, నిశ్శబ్దం. పడవ పొద్దున్నే ఎక్కండి, పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది. ఎక్కేటప్పుడే అసలు కష్టం, పడవ ఊగుతుంది, అడుగు ఎత్తుగా వెయ్యాలి. ముందు మీరెక్కి రెండు చేతులూ ఇవ్వండి, వెనక నుంచి ఇంకొకరు పట్టుకోవాలి. లైఫ్ జాకెట్ అందరికీ. "నాకెందుకు" అంటారు, మనవడికి మీరే తొడగండి నాన్నా అంటే పనిలోపనిగా ఆయనా తొడుక్కుంటారు.

తారాతారిణి. పురుషోత్తంపూర్ దగ్గర కొండ మీద అమ్మవార్లు, కింద ఋషికుల్య నది, బరంపురం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. 999 మెట్లున్నాయి. ఎక్కగలనని ఆయన అంటారు, ఎక్కేస్తారు కూడా, మోకాలు చచ్చేది దిగేటప్పుడు. పైదాకా రోడ్డుంది, రోప్‌వే కూడా ఉంది, మెట్ల జోలికి వెళ్ళకండి. చైత్రంలో మంగళవారాలు జాతర, తల దూర్చే చోటుండదు. చరిత్ర ఇష్టమున్న నాన్నలైతే ఆ దగ్గర్లోనే జౌగడ ఉంది, అశోకుడి శిలాశాసనం. రెండింట్లో ఒకటే.

తప్తపాణి. దిగపహండి దాటాక, సుమారు 50 కిలోమీటర్లు, గంధకపు వేడినీటి ఊట. చలికాలానికి బావుంటుంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, నీళ్ళు కాలుతున్నా తెలీదు, అందుకని ముందు మీ మోచెయ్యి పెట్టి చూడండి. గుండె జబ్బు, బీపీ అదుపులో లేనివాళ్ళు వేడినీళ్ళలో మునిగి కూర్చోవద్దు. ఇదే దారిలో ఇంకా ముందుకెళ్తే జీరంగ్‌లో టిబెటన్ల పెద్ద బౌద్ధారామం వస్తుంది, కానీ ఘాట్ రోడ్డు, ఆ రోజుకి అదొక్కటే పెట్టుకునేటట్టయితేనే.

అక్టోబరులో ఏ ప్లానైనా వాతావరణం చూశాకే. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ కూడా అక్టోబరే. ఆ నెలలో డబ్బు వాపసు రాని బుకింగులు పెట్టుకోకండి.

4. శుక్ర, శనివారాల్లో చెయ్యాల్సినవి

నీళ్ళ మాత్ర వేసుకుంటుంటే డాక్టర్‌కి ఒక ఫోన్ చేసి, ప్రయాణం రోజు ఆ మాత్ర టైము మార్చొచ్చా అని అడగండి. మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. ఆయన అంతట ఆయన ఆపేసుకుంటారు, అదీ చూసుకోండి. ఇంకో అలవాటు, బాత్రూం భయంతో పొద్దుట్నుంచీ నీళ్ళు తాగరు. మన గంజాం ఉక్కలో అది బాత్రూం కంటే పెద్ద ప్రమాదం.

సంచిలో ఉండాల్సినవి (మీరు సర్దండి, ఆయనకి చూపించండి):

- ఆ రోజు మాత్రలు, ఇంకో రోజువి అదనంగా
- మందుల చీటీ ఫొటో మీ ఫోన్లో
- చిన్న సీసాలో చక్కెర, ఒక గ్లూకోజ్ బిస్కట్ ప్యాకెట్
- ఓఆర్ఎస్ రెండు ప్యాకెట్లు
- నీళ్ళు, ఇంట్లోవే
- తువ్వాలు, ఒక జత బట్టలు
- మడత స్టూలు (మా ఇంట్లో కొన్నవాటిల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే)
- కళ్ళజోడు, అది లేకపోతే మొత్తం రోజు చెడుతుంది
- అలవాటైన చెప్పులు. కొత్త బూట్లు బహుమతిగా ఇచ్చి అదే రోజు తొడిగించొద్దు

షుగరుకి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ మాత్ర లాంటివి వాడేవాళ్ళకి తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, చిరాకు, తికమక కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలాగి చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి, తగ్గాక ఏదైనా తినిపించండి. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి.

5. ఆదివారం పొద్దున వరస

1. పాలవాడికి, పక్కింటివాళ్ళకి ముందురోజే చెప్పేసి ఉండాలి. తాళం ఆయన్నే వెయ్యనివ్వండి. రెండుసార్లు లాగి చూస్తారు, చూడనివ్వండి.
2. ఇంట్లోనే టిఫిన్, మాత్రలు. "దారిలో తిందాం" అనే మాట మా ఇంట్లో నిషేధం.
3. బయల్దేరే ముందు బాత్రూం, అందరూ వెళ్ళాలి, ఆయన ఒక్కర్నీ పంపకండి.
4. కార్లో ముందు సీటు ఆయనది. కాళ్ళు చాపుకోవచ్చు, దారి కనిపిస్తుంది, డ్రైవర్‌కి సలహాలివ్వొచ్చు.
5. 40 నిమిషాలకో ఆపు, ఎవరూ అడక్కుండానే.
6. పదకొండు దాటాక ఎండలో ఉండకూడదు. ఒంటిగంటకి భోజనం ముందుండాలి.

భోజనం ఇంటిది పట్టుకెళ్ళడమే మేలు, పులిహోర, పెరుగన్నం, కాస్త ఆవకాయ. పక్కన మూరీ (మరమరాల) మిక్చరో ఘుగునీయో (బఠాణీ కూర) కొనుక్కుంటే బయట తిన్నట్టూ ఉంటుంది. తిరుగుదారిలో ఛెనా పోడ (కాల్చిన పనీర్ మిఠాయి) కొంటాం, షుగరు కదా అని ఆయన వంక చూస్తాను, ఆయన కిటికీ వంక చూస్తారు, ఒక చిన్న ముక్క.

6. అక్కడికెళ్ళాక

ఆయనకి ఒక పని ఉండాలి. ఇది మర్చిపోతే మిగతాదంతా దండగ. చుట్టంలా కూర్చోబెట్టి "మీరు రెస్ట్ తీసుకోండి నాన్నా" అంటే ఇంట్లో రెస్టేం తక్కువైందని. పడవ బేరం ఆయనది. ఆ ఒడియా నాకు రాదు, నాది ఆఫీసు ఒడియా, ఆయనది 35 ఏళ్ళు ప్లాట్‌ఫాంల మీద పట్టుకున్న ఒడియా. పడవవాడు చెప్పిన రేటుకి ఆయన మొదట ఒక నవ్వు నవ్వుతారు, తర్వాత వాడి ఊరు అడుగుతారు, ఆ తర్వాత వాళ్ళ నాన్న పేరు. పది నిమిషాలు పడుతుంది. ఓపిక పట్టండి.

మాటల కోసం వెంటపడకండి. "బావుందా నాన్నా? ఎలా ఉంది నాన్నా?" అని నేను మొదట్లో పది నిమిషాలకోసారి అడిగేదాన్ని, ఆయన "ఊఁ" అనేవారు, నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు స్టూలేసి పక్కన ఊరికే కూర్చుంటాను. ఫొటోలు మొదటి పది నిమిషాల్లో తీసేసి ఫోన్ సంచిలో పెట్టెయ్యండి.

ఆయన చూడాలనుకున్నదే చూడనివ్వండి. రంభ వెళ్ళినరోజు సంగతి చెప్తాను. చిలికా ఒడ్డమ్మట పోయే ఆ లైన్లో సర్వీసంతా తిరిగారు, ఒక్కసారి కూడా దిగి ఆ నీళ్ళ దగ్గరకి వెళ్ళలేదట. రైల్లోనే వెళ్దామన్నారు, "యాభై కిలోమీటర్లకి రైల్వే పాస్ తగలెయ్యడం దేనికి, టికెట్ కొను" అన్నారు. పడవెక్కాం, దీవి చూశాం, ఆయన మర్యాదకి తలూపారు. తిరుగు బండి కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు ఆగకుండా పోయే గూడ్సు ఒకటి వచ్చింది. బెంచీ మీంచి లేచారు, మోకాలు పట్టుకుని. ఒక్కో వ్యాగనూ దాటుతుంటే పెదాలు కదుపుతున్నారు, లెక్కపెడుతున్నారని నాకు తర్వాత తెలిసింది. చివర్న గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ వచ్చేసరికి కుడిచెయ్యి కొంచెం పైకెత్తారు, అంతే, భుజం దాకా కూడా లేదు. లోపలున్న కుర్రాడు పచ్చజెండా చూపించాడు. ఆ తర్వాత బరంపురం దాకా మాట్లాడుతూనే ఉన్నారు. నేను 40 ఏళ్ళలో వినని సంగతులు, వానాకాలం రాత్రిళ్ళు బ్రేక్ వ్యాన్లో లాంతరు ఆరిపోతే ఏం చేసేవారో, ఖుర్దారోడ్ రన్నింగ్ రూంలో (రైలు సిబ్బంది విశ్రాంతి గది) చేపల పులుసు ఎవరు బాగా వండేవారో.

పిల్లలుంటే తాతకీ మనవడికీ ఒక అరగంట విడిగా వదలండి (నీళ్ళకి దూరంగా). మావాడు ఇంట్లో "తాతా" అంటాడు, స్నేహితుల ముందు ఒడియాలో "అజా" అంటాడు, రెండింటికీ పలుకుతారు. అప్పుడప్పుడు భర్త, పిల్లలు, అమ్మ ఎవరూ లేకుండా మీరిద్దరే వెళ్ళి చూడండి, అది వేరే.

7. ఎక్కువగా జరిగే తప్పులు, వెంటనే చెయ్యాల్సింది

- అలిసిపోయారు, చెప్పట్లేదు. నడక నెమ్మదించినా, చెయ్యి గోడ మీదకి వెళ్ళినా కూర్చోబెట్టండి. "నాకు కాళ్ళు లాగుతున్నాయి నాన్నా" అని మీ మీద వేసుకోండి.
- బరువు, మందులు, వీలునామా, అన్నయ్యతో గొడవ లాంటివి కార్లో ఎత్తడం. తలుపులు మూసి ఉన్నాయి, దిగిపోలేరు. ఎత్తొద్దు. పొరపాటున ఎత్తితే "ఇంటికెళ్ళాక చూద్దాం" అని అక్కడే ఆపెయ్యండి.
- అందరి ముందు మాత్ర గుర్తుచెయ్యడం. నీళ్ళ సీసాతోపాటు చేతిలో పెట్టేయండి, నోరెత్తక్కర్లేదు.
- మధ్యలో ఇంటికెళ్దాం అన్నారు. వెళ్ళిపోండి. బతిమాలొద్దు. ఇంకో గంట సాగదీస్తే వచ్చేసారి మళ్ళీ నాకెందుకమ్మా.
- బావలు, పిన్నులు, పన్నెండుమంది. అది పిక్నిక్. దానికి వేరే రోజు పెట్టుకోండి.

8. వెళ్ళలేని ఆదివారాలు

వాన, మోకాలు నొప్పి, ఊళ్ళో ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) జరుగుతుంటే ట్రాఫిక్, ఏదైనా కావచ్చు. పొద్దున్నే ఇద్దరూ కలిసి కూరల బజారుకి వెళ్ళండి, ఏరేది ఆయన, సంచి మీది. లేదంటే బీరువాలో పాత కాగితాలు దింపి సర్దుదామనండి. సర్వీసు పుస్తకం, పెన్షన్ కాగితం, ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో మీకూ తెలుస్తుంది. మా ఇంట్లో ఒక పూటలో మూడు ఫైళ్ళు దాటవు, ఒక్కో కాగితానికీ ఒక కథ.

9. ఇంటికొచ్చాక

సాయంత్రం నాలుగులోపు ఇంట్లో ఉండాలి. కాళ్ళు కడుక్కున్నాక పాదాలు ఒకసారి చూడండి, షుగరు ఉన్నవాళ్ళకి బొబ్బ లేచినా తెలీదు. సంచిలో వాడిన మాత్రలు, చక్కెర, ఓఆర్ఎస్ మళ్ళీ నింపి అదే కొక్కేనికి తగిలించండి, ఖాళీ చేసి లోపల పెట్టొద్దు.

వచ్చే తేదీ ఆయన చేతే రాయించండి. మా హాల్లో ఒడియా క్యాలెండర్ ఒకటి, తెలుగు క్యాలెండర్ ఒకటి పక్కపక్కన వేలాడతాయి, తిథులకి ఒకటి, సెలవులకి ఒకటి. ఈ నెల తెలుగుదాంట్లో నాలుగో ఆదివారం గడిలో పెన్సిల్‌తో బండి నంబరు ఒకటి ఉంది. ఎక్కడికని నేనింకా అడగలేదు.